కుక్కకు నేర్పవలసిన మాటలు, మర్యాదలు

గ్రామఫోను పలకల నడుమ అంటించే కాగితం మీది ఒక బొమ్మను మనలో అనేకులు చూచి ఉంటారు. నల్లని చెవులు గల తెల్లకుక్క ఒకటి ఇత్తడి కొమ్ము ముందు కూర్చుని, తల ఒక పక్కకు ఒరగవేసి, లోపలినుంచి వచ్చే కంఠాన్ని ఆలకిస్తూ ఉంటుంది. ఆ కుక్క పేరు నిప్పర్. అది ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుని దగ్గర కొంతకాలం పెరిగి 1895లో మరణించినది. తరువాత ఆయన జ్ఞాపకంనుంచి చిత్రించిన ఆ బొమ్మను 1899లో గ్రామఫోను కంపెనీవారు కొన్నారు. మొదట చిత్రంలో ఉన్నది గొట్టంతో పాడే ఫోనోగ్రాఫు. కొనేవారి కోరిక మీద దానిని మరుగుపరచి, పలకతో పాడే గ్రామఫోనును వేసి ఇచ్చాడు. యంత్రం మారినా కుక్క చెవి ఒగ్గిన తీరు మారలేదు. ‘యజమాని కంఠం’ అనే అర్థం వచ్చే పేరుతో ఆ బొమ్మ లోకమంతా తిరిగినది.

కుక్క కంఠాన్ని గుర్తిస్తుంది, నిజమే. మాటను కూడా గుర్తిస్తుందా? ఈ ప్రశ్నకు హంగేరీ రాజధాని బుడాపెస్టులోని శాస్త్రజ్ఞులు 2016లో ఒక సమాధానం ప్రకటించారు. కుక్కలకు కదలకుండా పడుకోవడం నేర్పి, మెదడును చిత్రించే యంత్రంలో వాటిని ఉంచి, మెప్పు మాటలను మెప్పు స్వరంతో ఒకసారి, చప్పని స్వరంతో ఒకసారి వినిపించారు. కుక్కకు ఏ సంబంధమూ లేని మామూలు పదాలను కూడా అదే రీతిని రెండు స్వరాలతోను వినిపించారు. మాటా స్వరమూ రెండూ కలిసి మెప్పుగా ఉన్నప్పుడే మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం బాగా చైతన్యం పొందినది. అనగా విసుగు మొగంతో ‘భేష్’ అంటే కుక్కకు అది సగం భేషే. జర్మనీలో రికో అనే గొర్రెలకాపరి జాతి కుక్క సుమారు 200 వస్తువుల పేర్లు ఎరుగునని 2004లో ప్రకటితమైనది. మన ఇంటి కుక్కకు అంత పాండిత్యం అక్కరలేదు. ఆరేడు మాటలు చాలును.

అయితే ఆ ఆరేడు మాటలూ చుట్టాలముందు ప్రదర్శించే వేడుక కోసం కావు. వీధితలుపు తెరచి ఉన్న క్షణాన పిల్లి వెంట కుక్క రోడ్డు మీదికి దూకినప్పుడు, అవతలినుంచి లారీ వస్తున్నప్పుడు, మన చేతిలో గొలుసు ఉండదు. మిగిలేది ఒక్క పిలుపే. ఆ పిలుపు విని కుక్క వెనుకకు తిరుగుతుందా, లేదా అన్నది ఆనాటికి ఎన్ని నెలల ముందునుంచో మనం ఆ మాటను ఎట్లా వాడుతూ వచ్చామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ మన భాషలో ఒక చిక్కు ఉన్నది. ఇంగ్లీషులో కుక్కల శిక్షణను గూర్చి పుస్తకాలు వ్రాసినవారికి దీనితో పని లేదు. పిలవడానికి మనకు నోట వచ్చే మాట ‘రా’. కాని తెలుగు ఇండ్లలో ‘రా’ వినబడని గడియ ఏది? ‘ఏమిరా, ఎక్కడికి వెళ్లావురా, అన్నం తినరా’ అని పిల్లవాణ్ణి పలకరిస్తాము. చివరకు ‘పోరా’ అని కసిరినప్పుడు కూడా చివర ‘రా’ ఉన్నది. రమ్మనే మాటా పొమ్మనే మాటా ఒకే అక్షరంతో ముగిస్తే కుక్క దేనిని నమ్మవలె? దానికి తోడు కుక్క పేరు ‘రాజా’ అయితే గందరగోళం సంపూర్ణమవుతుంది. మన ఇండ్లలో ‘కమ్’, ‘సిట్’ అనే మాటలు పాతుకొనడం దొరల మోజు అని పరిహాసం చేసేవారు ఉన్నారు. మోజు కొంత ఉండవచ్చు గాని, అందులో సౌకర్యమూ లేకపోలేదు. ఇంట్లో మరెవరినీ ఉద్దేశించి వాడని మాట కుక్క చెవికి విడిగా, స్పష్టంగా తగులుతుంది. తెలుగు మాటే కావాలన్నవారికి ‘దా’ ఉన్నది. పొట్టిది, గట్టిది, వాక్యాల చివర ఊరక వచ్చి చేరనిది. ఇట్లాగే ‘వద్దు’, ‘వదులు’ అనే రెండింటినీ రెండు వేరు పనులకు వాడరాదు. మొదటి అక్షరాలు ఒకటే కనుక తొందరలో కుక్కకు భేదం తెలియదు. ముట్టుకొనవద్దు అనడానికి ‘వద్దు’, నోటిలోనిది విడువమనడానికి ‘ఇయ్యి’ అని పెట్టుకుంటే తికమక ఉండదు.

ఏ మాటలు ఎంచుకున్నా ఇంటిల్లిపాదీ వాటినే వాడవలెను. తాతగారు ‘కూర్చుండు’ అని, కోడలు ‘కూచో’ అని, పిల్లవాడు ‘సిట్’ అని అంటే, కుక్క ముగ్గురు మాస్టర్ల బడిలో చేరిన పిల్లవాని వలె అవుతుంది. ఎంచిన మాటలను కాగితం మీద వ్రాసి వంటింటి గోడకు అంటించడం కొందరికి నవ్వులాటగా తోచవచ్చు. కాని వారం దినాలలో దాని ఫలితం కనబడుతుంది.

పిలుపును నేర్పడం మిక్కిలి తేలిక, చెడగొట్టడం అంతకన్న తేలిక. ఆరంభంలో గదిలో రెండడుగుల దూరాన నిలిచి, పేరు పెట్టి ‘దా’ అని సంతోషంగా పిలవండి. రాగానే, మరొక మాట అనకముందే, తాయిలం నోటికి అందించండి. ఉప్పు కారాలు లేని ఉడికిన కోడిమాంసపు తునక, ఉడికిన గుడ్డు ముక్క, ఇడ్లీ తుంపు, ఏదైనా సరే, చిటికెన గోరంత పరిమాణం చాలును. చాక్లెట్లు, ఉల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష మాత్రం కుక్కకు విషతుల్యాలు. అవి తాయిలాల డబ్బాలో చేరరాదు. పలుకుకూ తాయిలానికీ మధ్య కాలం పెరిగిన కొద్దీ పాఠం పలుచనవుతుంది. ఆ మధ్యలో అది తోక చూచుకుంటే, తోక చూచుకున్నందుకు బహుమానం దొరికినదని అనుకుంటుంది. గదినుంచి వసారాకు, వసారానుంచి పెరటికి, పెరటినుంచి పొడుగు తాడు కట్టి ఖాళీ మైదానానికి పాఠశాలను క్రమంగా మార్చవలెను. ఒక్కొక్క పాఠం మూడు నాలుగు నిమిషాలు మించరాదు. భోజనానికి ముందు వేళ శ్రేష్ఠం.

పిలిచి శిక్షించడమనే పని మాత్రం ఎన్నడూ చేయరాదు. చెప్పు కొరికినదని పిలిచి కొట్టడం, ఆటమధ్యలో పిలిచి గొలుసు వేసి కట్టివేయడం, స్నానం ఇష్టం లేని కుక్కను ‘దా’ అని పిలిచి నీళ్లు కుమ్మరించడం, ఇవన్నీ కుక్క లెక్కలో ఒక్కటే. పిలుపు విని వెళితే సుఖం పోతుందన్న పాఠమే దానికి మిగులుతుంది. స్నానానికి తీసుకొనిపోవలెనంటే మనమే దాని దగ్గరకు నడిచి వెళ్లవచ్చును. పదిసార్లు పిలిచినప్పుడు తొమ్మిదిసార్లు తాయిలం ఇచ్చి వెంటనే మళ్లీ ఆటకు వదిలితే, పదవసారి రోడ్డు మీద అది మనలను నమ్ముతుంది.

శిక్షను గూర్చి మాట వచ్చినది కనుక మహాభారతంలోని ఒక కథను తలచుకొనడం అప్రస్తుతం కాదు. ఆదిపర్వం ఆరంభంలోనే, నన్నయభట్టారకుని తెలుగు భారతంలో కూడా, ఒక కుక్క కనబడుతుంది. జనమేజయుడు సత్రయాగం చేస్తూండగా సరమ కొడుకు సారమేయుడు అక్కడికి వచ్చాడు. రాజు తమ్ములు వానిని కొట్టారు. వాడు ఏడుస్తూ తల్లితో చెప్పుకున్నాడు. సరమ వచ్చి, నా బిడ్డ హవిస్సును తాకలేదు, కన్నెత్తి చూడనైనా లేదు, ఎందుకు కొట్టారని అడిగితే ఎవరివద్దనూ సమాధానం లేదు. ఎదురుచూడని భయం వచ్చి పడునని శపించి ఆమె వెళ్లిపోయినది.

మన ఇండ్లలో సారమేయుని కథ తరచుగా జరుగుతూనే ఉన్నది. సాయంత్రం ఇంటికి వచ్చి, చింపిన దిండు చూచి, కుక్కవైపు తిరిగితే అది చెవులు వాల్చి, తల దించుకుని, కంటి కొనలనుంచి చూస్తుంది. ‘చూచారా, తప్పు చేసినట్టు దానికే తెలుసును’ అంటాము. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీనిని పరీక్షించి ప్రకటించినది. కొన్ని కుక్కలు వద్దన్న తినుబండారాన్ని తిన్నవి, కొన్ని తినలేదు. కాని యజమానులకు కొందరికి నిజం చెప్పక, తినని కుక్కను కూడా తిన్నదని చెప్పారు. ఆ ‘తప్పు చేసిన చూపు’ తిన్న కుక్కలలో ఎక్కువగా కనబడలేదు. యజమాని కసిరిన కుక్కలలో కనబడినది. ఏ తప్పూ చేయకుండా కసురు తిన్న కుక్కలలో అది మరింత ఎక్కువగా ఉన్నది. అది పశ్చాత్తాపం కాదు, మన మొగం చూచి కలిగిన భయం. మధ్యాహ్నం చింపిన దిండుకు సాయంత్రం దెబ్బ కొడితే, దిండుకూ దెబ్బకూ గల సంబంధం దానికి తెలియదు. మనం గుమ్మంలో అడుగుపెట్టడానికీ దెబ్బకూ మాత్రం సంబంధం తెలుస్తుంది.

ఇంకొక అపోహ కూడా ఉన్నది. కుక్క తోడేలు సంతతి, తోడేళ్ల మందలో బలవంతుడే నాయకుడు, కనుక యజమాని కుక్కను పడదోసి, మెడ పట్టి అణచి, తానే నాయకుడనని నిరూపించుకోవాలని కొందరు బోధిస్తారు. ఈ భావానికి మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన ప్రకటించిన పరిశీలన. ఆయన చూచినవి స్విట్జర్లాండులో బాసెల్ నగరపు జంతు ప్రదర్శనశాలలో నిర్బంధంలో ఉన్న తోడేళ్లు. డేవిడ్ మెక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తానే 1970 నాటి తన గ్రంథంలో ఈ మాటను ప్రచారం చేసి, ఉత్తర ధ్రువ ప్రాంతంలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏండ్లతరబడి చూచిన పిమ్మట 1999లో దానిని సవరించాడు. అడవిలో తోడేళ్ల మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న సంసారమే. అక్కడ పెద్దరికం తల్లిదండ్రులకు సహజంగా వచ్చినదే గాని కుస్తీపట్లతో గెలుచుకున్నది కాదు. మెడ పట్టి అణచడంవల్ల కుక్క నేర్చుకునేది ఒకటి ఉన్నది. మనిషి చేయి దగ్గరకు వస్తే కరవడం.

మిగిలిన మాటలకు వద్దాము. ‘కూర్చో’ నేర్పడానికి నడుము మీద చేయి వేసి అదమనక్కరలేదు. తాయిలాన్ని ముక్కుకు దగ్గరగా పట్టి, మెల్లగా తల పైనుంచి వెనుకకు జరిపితే, తల ఎత్తిన కుక్క వెనుకభాగం తనంతట తానే నేలకు ఆనుతుంది. ఆనిన క్షణానే తాయిలం. పదిసార్లు అట్లా జరిగిన తరువాతనే మాటను జతచేయండి. ముందే మాట అంటే దానికి అర్థం ఉండదు. ఈ మాట నేర్చిన కుక్కకు సగం మర్యాద వచ్చినట్లే. కూర్చున్న కుక్క అతిథి పైకి దూకలేదు, అన్నం గిన్నెను లాగలేదు, గేటు తెరవగానే పరుగెత్తలేదు.

‘ఆగు’ అనేది ఓపికకు సంబంధించిన పాఠం. ఎదుట అరచేయి చూపి ఆగు అని, ఒక లెక్క లెక్కించి తాయిలం ఇవ్వవలెను. తరువాత రెండు, తరువాత అయిదు. లేచిపోతే కోపం లేదు, మనం తొందరపడి ఎక్కువ అడిగామన్నమాట. కాలాన్ని పెంచేనాడు దూరాన్ని పెంచరాదు, దూరం పెంచేనాడు కాలాన్ని తగ్గించవలెను. అన్నం గిన్నె నేల మీద పెట్టేటప్పుడు, వీధిగడప దాటేటప్పుడు ఈ పాఠం దినమూ సాగుతుంది. ‘ఇయ్యి’ నేర్పేటప్పుడు నోటిలోనిది లాక్కొనక, మారుగా అంతకన్న మంచిది ఇవ్వండి. బలవంతంగా లాగితే ఎముక దొరికినప్పుడల్లా మంచం కిందికి దూరి గుర్రుమనే అలవాటు వస్తుంది. వీధిలో గొలుసు గుంజే కుక్కకు ఒకే మందు. గుంజినంతసేపు మనం అడుగు వేయము, గొలుసు వదులు కాగానే నడుస్తాము. మొదటి వారం వీధి చివరికి చేరడానికి అరగంట పట్టవచ్చును.

ఇక మర్యాదలలో అన్నిటికన్న కష్టమైనది అతిథిని పలకరించడం. కుక్కపిల్ల తల్లి మూతిని నాకి ఆప్యాయత తెలుపుతుంది. మన మొగం అందదు కనుక మీదికి ఎగబాకుతుంది. దాని దృష్టిలో ఇది స్నేహమే. మోకాలితో పొడవడం, కసరడం కూడా దానికి పలకరింపులుగానే తోచవచ్చు. ఒంటికాలి మీద లేచినప్పుడు అందరూ మౌనంగా వీపు తిప్పవలె. నాలుగు కాళ్లూ నేల మీద ఆనినప్పుడు వంగి నిమరవలె. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇంట్లో నలుగురు ఈ నియమాన్ని పాటిస్తే అయిదవవారు, ఎక్కువగా ఇంటి అబ్బాయి, ఒక్కొక్కప్పుడు ముద్దు చేస్తాడు. అప్పుడప్పుడు మాత్రమే దొరికే బహుమానం నిత్యం దొరికేదానికన్న అలవాటును గట్టిగా నాటుతుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. లాటరీ టికెట్టు కొనేవారు ఎందుకు మానలేరో కుక్క కూడా అందుకే మానలేదు. భోజనాల దగ్గర పళ్లెంనుంచి ఒక్కసారి ముద్ద విసిరినా ఇదే కథ.

అతిథులలో కుక్కంటే భయపడేవారు ఉంటారు, మడిలో ఉన్న పెద్దలు ఉంటారు. ‘ఏమీ చేయదండీ’ అని నవ్వుతూ చెప్పడం మర్యాద కాదు. భయం వారిది గనుక దాని కొలత కూడా వారే చెప్పవలెను. వసారాలో ఒక మూల గోనెపట్టా వేసి, ‘చోటు’ అనగానే అక్కడికి పోయి పడుకోవడం నేర్పితే ఈ సమస్య తీరుతుంది. లఘుశంకల విషయంలో ఒక్కటే మాట. నిద్ర లేవగానే, తిన్నవెంటనే, ఆడిన వెంటనే పిల్లను పెరటిలో ఒకే చోటికి తీసుకొనిపోయి, పని కాగానే మెచ్చుకోండి. ఇంట్లో తడిపినచోట ముక్కు రాయడమనే పాత పద్ధతివల్ల అది మనకు కనబడకుండా, మంచం వెనుక, పని కానిచ్చుకోవడం నేర్చుకుంటుంది.

ఇవన్నీ ఏ వయస్సులో మొదలుపెట్టవలె? స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికాలోని బార్ హార్బర్ అనే ఊరిలో దీర్ఘకాలం కుక్కపిల్లలను పరిశీలించి 1965లో గ్రంథం ప్రకటించారు. సుమారు మూడవ వారంనుంచి పన్నెండవ వారంవరకు పిల్ల చూచిన మనుషులను, విన్న చప్పుళ్లను జీవితమంతా మిత్రులుగా భావిస్తుందని, ఆ కాలం దాటితే కొత్తదంతా అనుమానాస్పదమవుతుందని తేల్చారు. కావున ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉంచి తెచ్చిన పిల్లకు, టీకాలు పూర్తి అయ్యేవరకు చంకన ఎత్తుకునైనా సరే, గొడుగు పట్టినవారిని, గడ్డాలవారిని, పాలవాణ్ణి, ఆటోలను, కుక్కరు ఈలను, రేడియో మోతను చూపి, వినిపించి, తాయిలం పెట్టండి. మనకు 20 వేల కంపనాలకు మించిన ధ్వని వినబడదు. కుక్కకు సుమారు 45 వేలదాకా వినబడుతుంది. దీపావళినాడు అది మంచం కింద దాగితే పిరికిదని నవ్వక, లోపలి గదిలో కిటికీలు మూసి, దగ్గర ఒకరు కూర్చుంటే మంచిది.

ఈ చదువు ఖరీదైన విదేశీ జాతులకే అని ఎవరూ అనుకోనక్కరలేదు. కొల్లేటి పరిసరాలలో బాతుల మందలను తోలడానికి పెంచిన జోనంగి కుక్కల తెలివి అక్కడివారు ఎరుగుదురు. వీధిలో పుట్టి, ఇంటికి చేరిన ఊరకుక్క కూడా ఈ మాటలన్నీ నేర్చుకుంటుంది.

పిల్లలున్న ఇంటిలో కుక్కకు నేర్పినంత పిల్లలకూ నేర్పవలెను. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు కుక్కను ముట్టరాదు. గుర్రుమంటే దూరంగా పోవలె. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టరాదు. అది మనకు ఇచ్చే హెచ్చరిక. కొట్టి మాన్పిస్తే తరువాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. మూడు నెలల వయస్సులో రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ మళ్లీ వేయించవలెను. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేలమంది ఈ వ్యాధివల్ల మరణిస్తున్నారని అంచనా. అందులో మూడవవంతుకు పైగా మన దేశంలోనే. వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత బ్రతికించడం దాదాపు అసాధ్యం. ఏ కుక్క కరిచినా, పసుపు, సున్నం, కారం అద్దక, పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవలెను. పెంపుడు జంతువువల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త తీసుకొనకపోవడం నేరం కూడా. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 291వ సెక్షను దీనిని గూర్చినదే.

చివరగా ఒక చిన్న సూచన. ప్రతి మాటకూ మొదటినుంచే ఒక చేతి సైగను జతచేయండి. కూర్చో అన్నప్పుడు అరచేయి పైకి, ఆగు అన్నప్పుడు ఎదురుగా, దా అన్నప్పుడు గుండెవైపు. కుక్క ముసలిదైనప్పుడు వినికిడి తగ్గుతుంది. పిలిస్తే పలకని ఆ కుక్క మొండికేసినదని ఇంట్లోవారు కసురుకుంటారు. సైగ తెలిసినదైతే, పెరటి అవతలి చివరనుంచి కూడా మన చేయి చూచి మెల్లగా నడిచి వస్తుంది.